మల్లెపొద పూయాలంటే



ఎండాకాలం మల్లెపూల కాలం. వీధి గుమ్మంలో మూర పూలకి బేరమాడుతూ ఉంటాం. పెరట్లో చూస్తే మల్లెపొద పచ్చగా, ఏపుగా ఉంటుంది. ఆకులే గానీ మొగ్గ ఉండదు! మా పక్కింటి కోడలు పుట్టింటి నుంచి తెచ్చుకున్న మొక్క ఇలాగే రెండేళ్ళు పూయలేదు. "గొడ్డు మొక్క, పీకించేసి అక్కడ స్కూటరు పెట్టుకుందాం" అన్నారట ఇంట్లోవాళ్ళు. ఆ అమ్మాయి కళ్ళనీళ్ళ పర్యంతమై నా దగ్గరికొచ్చింది. ఆ మాట మొక్కని అన్నా సరే, నాకు గిట్టదు. మల్లెకి అలాంటి దోషం ఉండదండీ. పూయలేదంటే ఎండైనా చాలక, కత్తిరింపైనా లేక అయివుంటుంది.

మల్లెమొగ్గ ముదురు కొమ్మకి రాదు. ఆ ఏడు కొత్తగా వేసిన ఇగురు చివరనే వస్తుంది. ఎన్ని కొత్త ఇగుళ్ళు వస్తే అన్ని మొగ్గలన్నమాట. కొమ్మ కోయకపోతే పొద పాత కొమ్మల్నే సాగదీసుకుంటూ పోతుంది. మనకేమో పచ్చగా ఉన్నదాన్ని కోయడానికి చేతులు రావు. అక్కడే వస్తుంది చిక్కంతా.

నవంబరు నెలాఖరు నుంచి డిసెంబరు లోపల ఈ పని చేయాలి. నేలలో ఉన్న మొక్కకి రెండు మూడు వారాలు ముందుగా నీళ్ళు ఆపేయండి. ఈ బెట్టకి ఆకులు వాడి రాలిపోతాయి, కంగారు పడకండి. మిగిలిన ఆకు దూసేసి, పొదను మోకాలెత్తున, అంటే ఒకటిన్నర అడుగుల మీద, పదునైన కత్తెరతో కోసేయండి. ఎండు పుల్లలు, లోపల ఒకదాన్నొకటి ఒరుసుకునే కొమ్మలు మొదలంటా తీసేయండి. కుండీ మొక్కకి అంత బెట్ట పనికిరాదు, వేళ్ళు ఎండిపోతాయి. నీళ్ళు కాస్త తగ్గించి, పైన మూడోవంతు కోస్తే చాలు. తర్వాత మొదలు చుట్టూ మట్టి గుల్లచేసి, నేలలోని పెద్ద పొదకైతే తట్టెడు మాగిన పశువుల ఎరువు వేసి, బాగా నీళ్ళు పెట్టండి. పచ్చిపేడ వేయకండి, వేళ్ళకి వేడి చేస్తుంది.

ఎండ మాట చెప్పాను కదా. రోజుకి కనీసం ఐదారు గంటల ఎండ తగలాలి. పక్కింటి అమ్మాయి మొక్క మీద జామచెట్టు గొడుగు పట్టినట్టుంది! రెండు జామకొమ్మలు కొట్టించి, పొదనీ కత్తిరించాం. ఏప్రిల్ వచ్చేసరికి పూజకి పోను జడకీ మిగిలాయి. స్కూటరు వీధిలోనే ఉంటోంది.

పరదేశాల్లో ఉన్న అమ్మాయిలకి ఒక్క మాట. ఇంగ్లీషు నవలల్లో కనిపించే లైలాక్ పొద మన మల్లెకి చుట్టమే, ఇద్దరిదీ ఒకే కుటుంబం. చలిదేశాల పెరళ్ళలో వసంతంలో ఊదారంగు గుత్తులు పూస్తుంది. గట్టి చలికాలం లేనిదే సరిగా పూయదు కనుక మన ఊళ్ళకి తెచ్చి లాభం లేదు. కానీ దాని పద్ధతి మల్లెకి పూర్తిగా తిరగబడి ఉంటుంది. వచ్చే ఏటి మొగ్గల్ని అది ముందటి వేసవిలోనే కొమ్మల్లో దాచుకుంటుంది. అమ్మ మల్లెను కోసినట్టు చలికాలంలో దాన్ని కోస్తే ఆ ఏటి పూలన్నీ పోయినట్టే. పూలు వాడిన వెంటనే కోయాలి.

ఇక మన మల్లెకి వచ్చే రోగాలు. మొగ్గలు ఊదారంగుకి తిరిగి, గూడులా అల్లుకుపోతే మొగ్గతొలుచు పురుగు పట్టిందన్నమాట. అలాంటి మొగ్గల్ని ఏరి కాల్చేయండి, మొదట్లో పారేయకండి. లీటరు నీళ్ళకి చెమ్చాడు వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట చల్లండి. సున్నం ఎక్కువున్న నేలల్లో ఈనెలు పచ్చగా ఉండి, మధ్య ఆకంతా పసుపు తిరుగుతుంది; అది ఇనుము చాలకపోవడం. లీటరు నీళ్ళలో 5 గ్రాముల అన్నభేది కరిగించి ఆకుల మీద చల్లితే తేరుకుంటుంది.

మల్లెవాసనకి పాములొస్తాయని పెంచడానికే భయపడేవాళ్ళున్నారు. పాము వాసనకి కాదు, గుబురు కింద చేరే కప్పల కోసం, ఎలకల కోసం వస్తుంది. కిందిభాగం శుభ్రంగా, గాలాడేట్టు ఉంచుకోండి. అందుకూ కత్తిరింపే మందు.

కొత్త మొక్క కావాలంటే కొనక్కర్లేదు. వానాకాలంలో కిందికొమ్మని వంచి, ఒక గణుపు దగ్గర బెరడు కొద్దిగా గీకి, మట్టిలో పాతి రాయి పెట్టండి. తడి ఆరనివ్వకండి. మూడు నాలుగు నెలల్లో వేళ్ళు పట్టాక తల్లి నుంచి వేరు చేసి, వారం పదిరోజులు నీడపట్టున ఉంచి, తర్వాత ఎండలోకి మార్చండి.