ఉయ్యాలకు ముందా, తర్వాతా?

పత్తి ఏరే రోజుల్లో బల్మూర్ మండలం ఊళ్లు పొద్దు పొడవకముందే లేస్తాయి. తల్లి బిడ్డకు పాలిచ్చి చేనుకు పోతే, ఆమె తిరిగొచ్చేదాకా ఏడు నెలల పసివాడు నాయనమ్మ దగ్గరే. పది గంటలకల్లా వాడు కళ్లు నులుముకుంటూ ఏడుపు మొదలుపెడతాడు. ఆకలేమోనని ఆమె పల్చగా తైదల జావ కాచి, చీర ఉయ్యాలలో ఉన్నవాడికి ఉన్నట్టే చెంచాతో పోస్తుంది. నాలుగు గుటకలకే నిద్ర. కడుపు నిండి పడుకున్నాడని ఆమె కుదుటపడుతుంది. కానీ వాడిది నిద్ర ఏడుపు. లోపలికి పోయింది చాలావరకు నీళ్లు.

ఇది ఆమె తప్పు కాదు. ఇందులో ఉన్న లెక్క ఆమెకు ఎవరూ విప్పి చెప్పలేదు.

పసివాడి కడుపు కిలో బరువుకు దాదాపు 30 మిల్లీలీటర్లు పడుతుంది. ఏడు కిలోల బిడ్డకు 210, అంటే చిన్న గ్లాసెడు. తల్లిపాలలో 100 మిల్లీలీటర్లకు 65 నుంచి 70 కిలోకేలరీల శక్తి ఉంటుంది. అన్ని నీళ్లలోనే చెంచాడు, అంటే 5 గ్రాముల తైదల పిండి కాస్తే వచ్చేది 16 మాత్రమే. పల్చటి జావ పాలలో నాలుగోవంతు బలం కూడా ఇవ్వదు, పైగా పాలకుండే చోటు ఆక్రమిస్తుంది. అదే పిండి నాలుగు చెంచాలు వేసి, చెంచాడు నెయ్యో నూనెనో కలిపితే 100 దాటుతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకు తల్లిపాలు కాక పై తిండి నుంచి రోజుకు సుమారు 200 కిలోకేలరీలు కావాలి. రెండు మూడు పూటల చిక్కటి ముద్దతో అది తీరిపోతుంది.

చిక్కగా ఉంటే మింగలేడని భయం. దానికి మన ఇళ్లలోనే విరుగుడు ఉంది. తైదలు నానబెట్టి, మొలక కట్టి, ఆరబెట్టి, సన్నటి సెగ మీద కొద్దిగా వేడిచేసి విసరాలి. మొలకలో పుట్టే అమైలేజ్ అనే ఎంజైము, ఉడికినప్పుడు ఉబ్బి జిగురెక్కే పిండి పదార్థాన్ని ముక్కలు చేస్తుంది. పిండి ఎక్కువ వేసినా జావ జారుగానే ఉంటుంది. 1980లలో బరోడాలో పోషకాహార పరిశోధకురాలు తారా గోపాల్‌దాస్ బృందం ఈ పిండి మీదే పని చేసింది. ఉడికిన చిక్కటి జావ గోరువెచ్చగా అయ్యాక మొలకల పిండి చిటికెడు కలిపి, మరోసారి కాగనిచ్చినా చాలు. మరీ మాడ్చి వేయిస్తే ఎంజైము చచ్చిపోతుంది.

పై తిండి మొదలుపెట్టడానికి ఆరు నెలలే ఎందుకు? నెలలు నిండి పుట్టిన బిడ్డ తల్లి కడుపులో దాచుకున్న ఇనుము దాదాపు అప్పటిదాకా వస్తుంది. తల్లిపాలలో ఉండే ఇనుము చాలా తక్కువ. చెంచాను నాలుకతో బయటికి నెట్టే గుణం పోవడమూ, మెడ నిలవడమూ ఆ సమయానికే. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత కనబడింది. అందుకే పప్పు, గుడ్డు, ఆకుకూర మొదటి నెలల్లోనే పళ్లెంలోకి రావాలి. తేనె మాత్రం ఏడాది దాకా వద్దు. అందులో బొటులిజం క్రిమి బీజాలు ఉండవచ్చు.

ముద్ద పెడితే రాత్రి బాగా పడుకుంటాడన్న ఆశ మాటకొస్తే, బ్రిటన్‌లో 2018లో వెలువడిన ఒక అధ్యయనం దాన్ని కొలిచింది. మూడు నెలలకే తిండి మొదలుపెట్టిన పిల్లలు ఆరు నెలల వయసులో రాత్రికి దాదాపు 17 నిమిషాలు ఎక్కువ నిద్రపోయారు. అంతే. ఆ కొద్దిపాటి నిద్ర కోసం ఆరు నెలల మాట తప్పాల్సిన పనిలేదు.

ఇక వేళ సంగతి. ఈ వయసు బిడ్డకు పగలూ రాత్రీ కలిపి 12 నుంచి 16 గంటల నిద్ర అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పగటి కునుకులు రెండు మూడు. నిద్ర లేచి, హుషారుగా ఆడుకుంటున్న గంటలోనే ముద్ద పెట్టాలి. కళ్లు నులుముకుంటున్నాడంటే ఆ వేళ దాటిపోయినట్టే, ముందు ఉయ్యాల ఊపాలి, లేచాక పెట్టాలి. పడుకోబెట్టి పోయడం ప్రమాదం కూడా. జావ ఊపిరిగొట్టంలోకి పోవచ్చు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు షహనాజ్ వజీర్, ఆమె సహచరులు మన పొరుగు నల్లగొండ జిల్లాలో 60 ఊళ్లలో 600 మంది తల్లీబిడ్డలతో చేసిన ప్రయోగం ఫలితాలు 2013లో వచ్చాయి. బిడ్డకు మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా ఇంటికి వెళ్లి, కొందరికి ఏం పెట్టాలో చెప్పారు. ఇంకొందరికి ఎలా పెట్టాలో, ఎలా ఆడించాలో కూడా నేర్పారు. రెండు గుంపుల పిల్లలూ మెరుగ్గా తిన్నారు. ఏం పెట్టాలో నేర్చినవాళ్ల పిల్లలు పొడవులో ముందున్నారు. ఎలా పెట్టాలో కూడా నేర్చినవాళ్ల పిల్లలు మానసిక వికాస పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు.

ఆ రెండో పాఠానికి ఖర్చేమీ లేదు, కాస్త ఓపిక చాలు. నాయనమ్మ బిడ్డను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని, కళ్లలోకి చూస్తూ చెంచా పెదవి దగ్గరికి తీసుకుపోయి ఆగాలి. నోరు తెరిస్తే పెట్టాలి. ముఖం తిప్పుకుంటే గిన్నె పక్కన పెట్టి, వాడు మళ్లీ ఆమె వైపు తిరిగేదాకా కాసేపు కబుర్లు చెప్పాలి.