మీకు తెలుసా? బైక్ టైరు చెప్పే బరువు లెక్క

బైక్ టైరు పక్కన కొలతల తర్వాత 64ఎస్ లాంటి గుర్తు కనిపిస్తుంది. చాలామంది అదేదో కంపెనీ కోడ్ అనుకుంటారు. గాలి సరిగా ఉంటే ఆ టైరు 280 కిలోల దాకా మోస్తుందని 64కు అర్థం. ఎస్ అంటే గరిష్ఠ వేగం గంటకు 180 కిలోమీటర్లు. అలాగని 280 కిలోల సామాను ఎక్కించేయకండి! బండి బరువులో ఆ చక్రం మీద పడే వాటా, మనుషుల బరువు కూడా అందులోవే. బండి మొత్తం ఎంత మోయగలదో మాన్యువల్‌లో ఉంటుంది.

ఎంత బరువన్నది ఒకెత్తు, ఎక్కడ పెట్టామన్నది ఇంకో ఎత్తు. పనిముట్లు, నీళ్ల సీసాలు సాడిల్ బ్యాగుల అడుగున, వీలైనంత ముందుకు, రెండు వైపులా సమానంగా సర్దాలి. స్వెట్టర్లు, రెయిన్‌కోటు పైన. క్యారియర్ చివర ఎత్తుగా మూట కడితే ముందు చక్రం తేలికై, వేగంలో హ్యాండిల్ ఊగుతుంది.

వెనక భాగం కుంగితే హెడ్‌లైటు పైకి లేస్తుంది. అరకు ఘాట్‌లో చీకటి పడ్డాక ఎదురొచ్చే బస్సు డ్రైవరు తిట్టుకుంటే తప్పు అతనిది కాదు. షాకబ్జార్బర్ ప్రీలోడ్ పెంచి, లైటు సరిచేయించి, చైన్ వదులు మళ్లీ చూసుకోవాలి.

టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడండి. బయల్దేరిన అరగంటకు ఆగి, పట్టీలు మరోసారి బిగించండి. వేలాడే పట్టీ కొస చైన్‌లో చుట్టుకుంటే వెనక చక్రం బిగుసుకుపోతుంది.