తీగ తెంపుకున్నంత మాత్రాన

పిల్లలు ఫోను చేతబట్టుకుని పెరుగుతున్న ఈ రోజుల్లో, ఊరికి దూరంగా నాలుగెకరాలు కొని, కరెంటు లేకుండా, బజారు ఊసు తెలియకుండా వాళ్లను పెంచుకోవాలని కొందరు తల్లిదండ్రులకు అనిపించడంలో వింతేమీ లేదు. మన శ్రీకాకుళం జిల్లా హిరమండలం మండలంలోని కూర్మగ్రామంలో భక్త కుటుంబాలు కరెంటు లేని ఇళ్లలో ఉంటూ పిల్లలకు గురుకుల పద్ధతిలో చదువు చెప్పుకుంటున్నాయి. కానీ ఇలాంటి పెంపకం ఎలాంటి మనుషులను తయారుచేస్తుందో తెలియాలంటే తరాలు గడవాలి. అంతకాలం నిలిచిన సమాజం అమెరికాలోని ఆమిష్‌లది. పద్దెనిమిదో శతాబ్దంలో ఐరోపా నుంచి వలస వచ్చిన ఈ క్రైస్తవ శాఖ జనాభా ఇప్పుడు దాదాపు 4 లక్షలు. వాళ్ల బతుకును దగ్గరగా చూస్తే, పిల్లలను కాపాడుతున్నది ఇంట్లో ఫలానా వస్తువు లేకపోవడం కాదని, ఆ వస్తువు వద్దని కలిసి నిర్ణయించుకున్న ఊరని తెలుస్తుంది. కొండ పక్కన ఒంటరిగా కాపురం పెట్టిన కుటుంబానికి అలాంటి ఊరు దొరకదు.

ఆమిష్‌లు యంత్రాలను చూసి పారిపోయేవాళ్లని మనకో అపోహ. పెన్సిల్వేనియాలోని లాంకస్టర్ ప్రాంతపు ఆమిష్‌లు 1920 ప్రాంతంలో వద్దనుకున్నది బయటి నుంచి ఇంట్లోకి వచ్చే కరెంటు తీగను. బ్యాటరీ, డీజిల్ ఇంజన్, కంప్రెసర్ గాలితో నడిచే పనిముట్లు చాలాచోట్ల వాడతారు. కొన్నిచోట్ల సోలార్ పలకలు కూడా ఉన్నాయి. ఫోను ఇంట్లో ఉండకూడదు, పొలం గట్టున చిన్న గదిలో ఉండొచ్చు. కారు కొనకూడదు, అవసరమైతే బాడుగకు మాట్లాడుకోవచ్చు. బయటివాళ్లకు ఇది ద్వంద్వనీతిలా కనిపిస్తుంది. కానీ ఏ వస్తువొచ్చినా వాళ్లు వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఇది మనుషులను ఒకచోట ఉంచుతుందా, చెదరగొడుతుందా? ఊరంతా ఒకే కట్టుబాటులో ఉంటుంది కాబట్టి పక్కింటి పిల్ల చేతిలో ఉన్నది తన చేతిలో ఎందుకు లేదని ఏ పిల్లా ఏడవదు. ఊళ్లో ఒక్క ఇల్లే ఫోను మానేస్తే ఆ ఇంటి పిల్ల లోటునే మోస్తుంది.

ఆరోగ్యం మాటేమిటి అంటారా? 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం ఆమిష్ పిల్లలను హటరైట్లనే మరో క్రైస్తవ శాఖ పిల్లలతో పోల్చింది. ఇద్దరి పూర్వికులదీ దాదాపు ఒకే ప్రాంతం. రెండు సమాజాల్లోనూ టీవీ ఉండదు, కుటుంబాలు పెద్దవి. అయినా ఆమిష్ పిల్లల్లో ఉబ్బసం 5 శాతమైతే హటరైట్లలో 21 శాతం. హటరైట్లవి భారీ యంత్రాలతో సాగే ఉమ్మడి కమతాలు, పశువులు ఇళ్లకు దూరం. ఆమిష్ ఇంటికి మాత్రం పశువుల కొట్టం ఆనుకునే ఉంటుంది; ఆ ధూళిలోని సూక్ష్మజీవులే పిల్లల రోగనిరోధక శక్తిని తీర్చిదిద్దుతున్నాయని పరిశోధకుల అంచనా. అంటే బజారుకు దూరమైనంత మాత్రాన ఊపిరితిత్తులకు ఒరిగేదేమీ లేదు, గొడ్ల దగ్గర పెరగడం వల్ల ఒరుగుతుంది. పైగా కొద్దిమంది పూర్వికుల నుంచి పెరిగిన జనం కావడంతో అరుదైన జన్యువ్యాధులు వాళ్లను వేధిస్తాయి. 1989లో మొదలైన క్లినిక్ ఫర్ స్పెషల్ చిల్డ్రన్ లాంకస్టర్‌లోనే ఆ పిల్లలకు అత్యాధునిక జన్యువైద్యం అందిస్తోంది. దాని భవనం కట్టడానికి చేతులు కలిపినవాళ్లలో ఆమిష్‌లూ ఉన్నారు!

అసలు చిక్కు చదువు దగ్గర వస్తుంది. ఆమిష్ పిల్లలు ఎనిమిదో తరగతితో బడి మానేస్తారు. 16 ఏళ్లు నిండేదాకా బడికి పంపాలన్న చట్టాన్ని మీరారని విస్కాన్సిన్‌లో ముగ్గురు తండ్రులకు తలా 5 డాలర్ల జరిమానా పడింది. 1972లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్ష చెల్లదంది. ఎనిమిదో తరగతి తర్వాత ఆ పిల్లలు ఖాళీగా ఉండరని, పొలంలో, వడ్రంగంలో తర్ఫీదు పొందుతారని ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ వాదన. జస్టిస్ విలియం డగ్లస్ కొంత విభేదించారు. తండ్రుల మతస్వేచ్ఛ సరే, పిల్లల అభిప్రాయం అడిగారా అన్నారు. ఆ కేసులోని ముగ్గురు పిల్లల్లో సాక్ష్యమిచ్చింది ఒక్క అమ్మాయే. సంఘంలో చేర్చే బాప్తిస్మం పెద్దయ్యాక తీసుకునేదే కదా, పదిమందిలో ఎనిమిది మందికి పైగా ఇష్టపడే ఉండిపోతున్నారు కదా అని సమర్థకులు అంటారు. ఆ సంఖ్య నిజమే, కానీ అదొక్కటే స్వేచ్ఛకు రుజువు కాలేదు. చేతిలో ఎనిమిదో తరగతి చదువు, బయట తెలిసినవాళ్లెవరూ లేని లోకం ఉన్నవాళ్లకు వెళ్లిపోవడం ఎంత కష్టమో ఆ లెక్కలో కనిపించదు.

మన విద్యాహక్కు చట్టం నిర్బంధ విద్యను 6 నుంచి 14 ఏళ్ల వరకే చెప్పింది. ఆమిష్ పిల్లలు బడి మానే వయసూ సుమారు అదే. తేడా ఏమిటంటే అక్కడ ఆ పిల్లవాడి కోసం ఊళ్లోనే పని, పెళ్లి సంబంధం, కష్టానికి ఆదుకునే జనం సిద్ధంగా ఉంటారు. బర్గర్ తీర్పు ఆనుకున్నది ఆ ఏర్పాటు మీదే. కరెంటు తీసేయించి ఊరికి దూరంగా ఒంటరిగా ఉండే మన తల్లిదండ్రులు దానిలో ఏ ఒక్కటీ సమకూర్చలేరు. కాబట్టి 14 నిండాక ఓపెన్ స్కూల్లో పదో తరగతి పరీక్ష రాసే వీలైనా ఆ పిల్లకు మిగలాలి, రాయాలో వద్దో అడిగేటప్పుడు జవాబు చెప్పే వంతు ఆమెకే రావాలి.