ఫోటో కన్నా పిట్ట ప్రాణం మిన్న

గత శీతాకాలంలో ఒక సెలవునాడు విద్యార్థులను వెంటబెట్టుకొని మేము గద్వాల సమీపంలోని జూరాల జలాశయానికి వెళ్ళాము. నీరు తగ్గిన బురద ఒడ్డున పిచ్చుకంతటి బూడిదరంగు పిట్టలు గుంపుగా పురుగులను ఏరుకుంటున్నాయి. ఒక విద్యార్థి సెల్‌ఫోన్ పట్టుకొని వాటి మధ్యకు పరుగెత్తాడు. గుంపంతా ఒక్కసారిగా ఎగిరిపోయింది. "ఉస్తాద్, ఒక్క ఫోటో కూడా రాలేదు" అన్నాడు నిరాశగా. మేము చింతించింది మాత్రం ఫోటో గురించి కాదు.

ఆ పిట్ట పేరు లిటిల్ స్టింట్. బరువు సుమారు 20 నుంచి 30 గ్రాములు. అది గుడ్లు పెట్టేది ఉత్తర ధ్రువ ప్రాంతంలో, చెట్లు మొలవని టండ్రా మైదానాల్లో. అక్కడి వేసవి కొద్ది వారాలే. ఆ వ్యవధిలోనే పిల్లలను పెంచి, వేల కిలోమీటర్లు ఎగిరి మన చెరువులకు చేరుతుంది. తిరుగు ప్రయాణానికి కావలసిన కొవ్వును ఈ బురదలోనే కూడబెట్టుకోవాలి. మనం బెదరగొట్టిన ప్రతిసారీ అందులో కొంత వృథా అవుతుంది.

నేడు టండ్రా వేడెక్కుతోంది; యుగాలుగా గడ్డకట్టిన నేల కరుగుతోంది. ఇక్కడేమో చెరువుల శిఖం భూములు ఆక్రమణల పాలవుతున్నాయి. ఏ కొస తెగినా ఆ ప్రయాణం ఆగిపోతుంది.

ప్రఖ్యాత పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ (1896-1987) 1931-32లో నిజాం రాజ్యపు పక్షులను సర్వే చేస్తూ, నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని మన్ననూరు, ఫరహాబాద్ అడవులకు వచ్చారు. ఆ రోజుల్లో శాస్త్రవేత్తలు సైతం తుపాకీతో కొట్టే పక్షి నమూనాలు సేకరించేవారు. బాల్యంలో తాను కొట్టిన ఒక పిచ్చుకే ఆయనను ఈ విద్య వైపు నడిపించింది. ఆయనే వృద్ధాప్యంలో కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవి కోసం గొంతెత్తారు. అది 1984లో జాతీయ ఉద్యానవనమైంది.

ఇప్పుడు తుపాకీ స్థానంలో కెమెరా వచ్చింది. అయితే గూటిని సమీపించి, తల్లిని తరిమి తీసిన ఫోటో కూడా ఒక విధమైన వేటే. సహచరులు ఒక పిట్ట పిల్లలను తీసుకున్నప్పుడు, తల్లి తల్లడిల్లడం చూసి, వాటిని తిరిగి ఇచ్చేయమని దైవప్రవక్త (స) ఆదేశించిన ఉదంతం అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది.

మరో సెలవునాడు అదే విద్యార్థి ఒడ్డుకు దూరంగా, పొద చాటున కదలకుండా కూర్చున్నాడు. కాసేపటికి పిట్టలు వాటంతట అవే మేస్తూ దగ్గరకు వచ్చాయి. అతని ఫోటోలో అవి చిన్న చుక్కల్లాగే పడ్డాయి. కానీ ఒక్కటీ బెదరలేదు. మన పిల్లల చేతికి కెమెరా ఇచ్చేముందు ఆ దూరాన్ని, ఆ ఓర్పును నేర్పుదాం. ఈ భూమి మనకు అప్పగించబడిన అమానత్. దాన్ని చెడగొట్టకుండా మన తర్వాతివారికి అందించవలసినవారం మనమే.