ఆగని అర్జెంటు.. అమ్మ రాసిన లెక్క

2023 జులై ఆఖర్లో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్లొచ్చాయి, గుర్తుందా? హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద బస్సులూ లారీలూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అలా ఆగిన బస్సుల్లో ఒకదాంట్లో మా అమ్మ ఉంది. నా దగ్గర పది రోజులుండి కీసర తిరిగెళుతోంది. మామూలు రోజైతే అక్కణ్నుంచి పది నిమిషాల్లో ఇంట్లో ఉండేది.

ఆ రోజు బస్సులో ఏం జరిగిందో నాకు తెలిసింది మాత్రం ఏడాదిన్నర తర్వాత, సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు. అప్పటిదాకా హైదరాబాద్ రమ్మంటే చాలు, ఏదో ఒక వంక చెప్పేది. మిరప కోతలనీ, ఇల్లు చూసేవాళ్లు లేరనీ. ఆ రోజు గట్టిగా అడిగితే, పొయ్యి వైపు తిరిగి చెప్పింది. "నాకు ఒంటికి ఆగదు నాన్నా. ఆ రోజు బస్సులోనే అయిపోయింది. వాన పడుతోంది కదా, కిందికి దిగి తడిశాననుకున్నారు అందరూ. వానే కాపాడింది."

నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు. "ముందే చెప్పొచ్చు కదమ్మా" అంటే, "మగపిల్లాడికి చెప్పే సంగతేనా ఇది?" అంది. ఈ కథనం అమ్మని అడిగే రాస్తున్నా. "పేరు మాత్రం వేయమాకు" అంది.

దీనికో పేరుంది

అమ్మ దీన్ని వయసు అనుకుంది. తర్వాత షుగరేమో అనుకుంది. ఓ క్లినిక్‌లో ఇన్‌ఫెక్షన్ అని మూడుసార్లు మందులిచ్చారట, ఒక్కసారి కూడా మూత్రం టెస్టు చేయించకుండా. చివరికి విజయవాడలో యూరాలజీ డాక్టరుకి చూపించాం. మూత్రం టెస్టు, షుగర్ టెస్టు, మూత్రానికి వెళ్లొచ్చాక లోపల ఎంత మిగులుతోందో చూసే స్కాన్.. అన్నీ బాగానే ఉన్నాయి. "ఓవర్ యాక్టివ్ బ్లాడర్" అన్నారు ఆవిడ.

మూత్రాశయం కండరాలతో చేసిన సంచీ లాంటిది. నిండేటప్పుడు వదులుగా ఉండాలి, మనం వెళ్లినప్పుడే బిగుసుకోవాలి. ఈ సమస్యలో సంచీ సగం నిండకుండానే 'ఇప్పుడే వెళ్లాలి' అని హడావుడి పెడుతుంది. ఉన్నట్టుండి వచ్చే ఆ అర్జెంటే ముఖ్య లక్షణం. దాంతోపాటు మాటిమాటికీ వెళ్లడం, రాత్రిళ్లు లేవడం, కొందరికి బాత్రూమ్ దాకా వెళ్లేలోపే పడిపోవడం. ఆడవాళ్లకే కాదు, మగవాళ్లకీ వస్తుంది. దగ్గినప్పుడూ తుమ్మినప్పుడూ పడేది వేరే సమస్య. కొందరికి రెండూ ఉంటాయి.

డాక్టరు మాత్ర రాయలేదు. ముందు ఓ నోట్‌బుక్కు పెట్టమన్నారు. మూడు రోజులపాటు ఎప్పుడు వెళ్లారు, ఎంత వచ్చింది, ఏం తాగారు.. అంతా రాయాలి. మా ఆఫీసులో ఏదైనా పని చేయకపోతే మొదట అడిగే మాట 'లాగ్ ఉందా' అనే. ఇదీ అంతేగా అనిపించింది. అమ్మ గీతలున్న పాత ప్లాస్టిక్ మగ్గు ఒకటి పక్కన పెట్టుకుని రాసింది. లెక్క చూసి ఇద్దరం ఆశ్చర్యపోయాం. రోజుకి 14 సార్లు, అందులో రాత్రి 4 సార్లు. ఒక్కోసారి వచ్చేది 100 మిల్లీలీటర్లు కూడా లేదు. మామూలుగా మూత్రాశయం 300, 400 మిల్లీలీటర్లు తేలిగ్గా పట్టుకోగలదు. ఇక తాగేదంటారా.. నీళ్లు మూడు గ్లాసులు, టీ అయిదుసార్లు!

ఆగదన్న భయంతో నీళ్లు మానేసింది. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా చికాకు పెడుతుంది. టీలో ఉండే కెఫీన్ దానికి తోడు. భయపడి చేసిన పనే జబ్బుని పెంచింది.

మాత్రా? శిక్షణా?

ఈ నోట్‌బుక్కు డాక్టరుగారి సొంత ఆలోచన కాదు. ఈ జబ్బు మీద జరిగే చాలా పరిశోధనల్లో ప్రధానమైన కొలత ఇదే. బీపీకి మిషనుంది, షుగర్‌కి స్ట్రిప్పుంది. 'అర్జెంటు'ని కొలిచే యంత్రం లేదు. మనిషి రాసిన లెక్కే సాక్ష్యం.

1998లో కాథ్రిన్ బర్జియో బృందం అమెరికాలో చేసిన పరిశోధన ఈ విషయంలో చాలా పేరున్నది. 55 నుంచి 92 ఏళ్ల మధ్య వయసున్న 197 మంది ఆడవాళ్లని మూడు గుంపులుగా చేశారు. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో లాటరీ తీసినట్టు నిర్ణయించారు. ఒక గుంపుకి శిక్షణ, ఒక గుంపుకి ఆక్సిబ్యుటినిన్ అనే మాత్ర, మూడో గుంపుకి మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర. ఎనిమిది వారాల తర్వాత లెక్క తీస్తే, బట్టల్లో పడిపోయే సందర్భాలు మాత్ర వేసుకున్నవాళ్లలో సుమారు 69 శాతం తగ్గాయి. శిక్షణ తీసుకున్నవాళ్లలో 81 శాతం తగ్గాయి!

ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలోనూ 39 శాతం తగ్గాయి. ఇది మోసం కాదు. రోజూ లెక్క రాయడం, ఎవరో పట్టించుకుని అడగడం.. వీటికీ కొంత బలం ఉండొచ్చు. అందుకే ఏ కొత్త మందైనా ఉత్తుత్తి మాత్రని దాటి చూపించాల్సిందే. ఇంకో సంగతి కూడా ఉంది. చికిత్స మార్చుకుంటారా అని అడిగితే మాత్రల గుంపులో 75 శాతం మందికి పైగా ఔనన్నారు. శిక్షణ గుంపులో 14 శాతమే.

ఇంతకీ ఏమిటా శిక్షణ? అర్జెంటు రాగానే మనం చేసేది పరుగు. అదే తప్పు. ఉన్నచోటే ఆగి, వీలైతే కూర్చుని, మూత్రాన్ని మధ్యలో ఆపేటప్పుడు బిగుసుకునే కండరాన్ని అయిదారుసార్లు గబగబా బిగించి వదలాలి. అలలా వచ్చిన అర్జెంటు కాసేపటికి తగ్గుతుంది. అప్పుడు మామూలుగా నడిచి వెళ్లాలి. దాంతోపాటు రెండుసార్లు వెళ్లడానికి మధ్య ఉండే సమయాన్ని వారానికి కొంచెం కొంచెంగా పెంచుకోవాలి. ఆ పరిశోధనలో ఏ కండరం బిగించాలో పరికరం పెట్టి నేర్పారు. అమ్మకి ఫిజియోథెరపిస్ట్ నేర్పింది.

దారులు ఇంకా ఉన్నాయి

శిక్షణ అందరికీ సరిపోదు. ఆక్సిబ్యుటినిన్ అమెరికాలో 1975లో అనుమతి పొందిన మందు. బాగానే పనిచేస్తుంది కానీ నోరు పిడచగట్టుకుపోతుంది, మలబద్ధకం వస్తుంది. ఇలాంటి మందులు ఏళ్ల తరబడి వాడిన పెద్దవాళ్లలో మతిమరుపు జబ్బు ఎక్కువగా కనిపించిందని 2015లోనూ, 2019లోనూ పెద్ద అధ్యయనాలొచ్చాయి. మందువల్లే వచ్చిందని అవి తేల్చలేదు. కానీ వయసు పైబడినవాళ్లకి రాసేటప్పుడు డాక్టర్లు ఆలోచిస్తున్నారు.

2012లో అమెరికాలో అనుమతి వచ్చిన మిరాబెగ్రాన్ వేరే దారిలో పనిచేస్తుంది. బిగుసుకోమనే సంకేతాన్ని ఆపడం కాకుండా, మూత్రాశయాన్ని వదులు చేస్తుంది. నోరెండిపోవడం తక్కువ. బీపీ మాత్రం పెరగొచ్చు, అదుపులో లేనివాళ్లు జాగ్రత్త.

మాత్రలు పడనివాళ్లకి మూత్రాశయం గోడకి బొటాక్స్ ఇంజెక్షన్లున్నాయి. 2012లో 249 మంది ఆడవాళ్ల మీద దాన్ని మాత్రతో పోల్చారు. సగటు మేలు రెండిట్లో దాదాపు సమానమే. పూర్తిగా తగ్గినవాళ్లు మాత్రతో 13 శాతం, బొటాక్స్‌తో 27 శాతం. అయితే బొటాక్స్‌తో 33 శాతం మందికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది, మాత్రతో 13 శాతానికే. చీలమండ దగ్గర సన్నటి సూదితో నరానికి కొద్దిపాటి కరెంటు ఇచ్చే చికిత్స ఇంకోటి. వారానికోసారి అరగంట, పన్నెండు వారాలు.

యోగా సంగతేంటి అంటారా? 2024లో దాని ఫలితమూ వచ్చింది. 240 మంది ఆడవాళ్లలో సగం మందికి కటి భాగానికి సంబంధించిన ఆసనాలు, సగం మందికి మామూలు వ్యాయామం నేర్పారు. రెండు గుంపులూ బాగానే మెరుగుపడ్డాయి, తేడా మాత్రం పెద్దగా లేదు. మన యోగా గెలవలేదని బాధపడక్కర్లేదు. ఇష్టమైనది ఏదో ఒకటి చేయొచ్చని అర్థం.

మనమీద ప్రయోగాలా?

ఇవన్నీ చెబుతుంటే అమ్మ అడిగిన ప్రశ్న అది. ఆ అనుమానం ఊరికే రాలేదు. 2009-10లో పక్కనే ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా కార్యక్రమం జరిగినప్పుడు తల్లిదండ్రులకి బదులు హాస్టల్ వార్డెన్లు అనుమతి పత్రాల మీద సంతకాలు చేశారని పెద్ద గొడవైంది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం కూడా తప్పుపట్టింది.

ఇప్పుడు మన దేశంలో ఏ క్లినికల్ ట్రయల్ అయినా మొదలయ్యే ముందే సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదు కావాలి. 2009 నుంచి ఇది తప్పనిసరి. వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఎవరైనా మిమ్మల్ని ట్రయల్‌లో చేరమంటే నమోదు నంబరు అడగండి. అనుమతి పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఎప్పుడైనా మధ్యలో మానేయొచ్చు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయించాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి.

ఈ పరిశోధనలన్నీ చదివాక నన్ను వదలని సంగతి ఒకటుంది. ఆగి, కండరం బిగించి, తర్వాత నింపాదిగా బాత్రూమ్‌కి వెళ్లమంటారు. అంటే బాత్రూమ్ ఉన్నట్టే లెక్క. మిరప చేలో ఎక్కడుంది? బస్సు సూర్యాపేటలో ఒక్కసారి ఆపితే, ఆ పది నిమిషాల్లో క్యూలో నిలబడినవాళ్లందరికీ వంతొస్తుందా? చికిత్సలో సగం డాక్టరు చేతిలో ఉంది. మిగతా సగం శుభ్రమైన, తలుపున్న బాత్రూమ్‌లో ఉంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే..

- మూడు రోజులు లెక్క రాయించండి, ఆ నోట్‌బుక్కుతోనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.
- నీళ్లు మానేయొద్దు. టీ, కాఫీ తగ్గించండి. పడుకునే ముందు రెండు మూడు గంటలు తక్కువ తాగితే చాలు.
- మలబద్ధకం లేకుండా చూసుకోండి. అదీ మూత్రాశయాన్ని ఇబ్బంది పెడుతుంది.
- మంట, జ్వరం, మూత్రంలో రక్తం, ఉన్నట్టుండి కాళ్లలో బలహీనత, మూత్రం అసలు రాకపోవడం.. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయొద్దు.

మూడు నెలల తర్వాత అమ్మ లెక్క 14 నుంచి 9కి వచ్చింది. రాత్రిళ్లు రెండుసార్లు లేస్తోంది. పూర్తిగా పోలేదు. టీ కూడా అయిదు నుంచి రెండుకే తగ్గింది, అంతకంటే తగ్గించనంది. మొన్న దసరాకి తనే బస్సెక్కి హైదరాబాద్ వచ్చింది. నోట్‌బుక్కేదమ్మా అని అడిగితే, రాసిన కాగితాలు చింపి దాచుకుని, మిగతాది పక్కింటి అత్తయ్యకిచ్చి వచ్చానంది. "దానిక్కూడా ఉందట్రా. ఇన్నేళ్లు పక్కపక్కనే ఉండి ఒకళ్లకొకళ్లం చెప్పుకోలేదు."