మేదరి బుట్ట

మాస్తి పరిసరములలోని పట్టుపురుగుల పల్లెలకు పోయినప్పుడెల్ల మా చూపు వెదురు సామానుపై నిలుచును. ఎరువు మోయు తట్ట, చెరుగు చేట, మల్బరీ ఆకు తెచ్చు గంప, అన్నియు మేదరుల చేతి పని. అదియు నేతయే. పచ్చి వెదురును మచ్చుకత్తితో చీల్చి, నిలువు బద్దలను పడుగుగా నిలిపి, పలుచని బద్దలను పేకగా అల్లుదురు. పన్నె లేదు, నాడె లేదు, వ్రేళ్ళే నాడె. వచనకర్తలలో నేతగాడైన జేడర దాసిమయ్య సరసన బుట్టలల్లిన మేదర కేతయ్యకును చోటు కలదు.

ఈ పని మన దేశమునకే చెందినది కాదు. మధ్య ఆఫ్రికాలోని కాంగో అడవులలో స్త్రీలు గంపను వీపున వేసికొని, దాని పట్టీని నుదుటికి తగిలించి మోయుదురు. మనవారు చుట్టకుదురు పెట్టి నెత్తిన మోయుదురు. మోత తీరు మారిన, గంప తీరును మారును.

నేతగానికి ముఖ్యమైనది చంద్రిక. 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల వెదురు చాపపై వెదురు పట్టీని సుళ్ళుగా నిలిపి కట్టినదే చంద్రిక. పండిన పురుగులు ఆ సందులలో గూళ్ళు కట్టును. సుమారు 1,000 పురుగులు పట్టును. ఇరుకైనచో రెండు పురుగులు కలిసి ఒకే గూడు కట్టును. ఆ జంటగూటి దారము సరిగా విడిపోక తెగును. మగ్గముపై పోగు తెగిన మనము దారము తీసినవానిని తిట్టుదుము. చంద్రిక కట్టిన మేదరి మనకు గుర్తు రాడు.

ఇప్పుడు ప్లాస్టిక్ చంద్రికలు వచ్చినవి. కడుగుట సులభము, మడిచి పెట్టవచ్చును. రైతును తప్పు పట్టలేము. కోలారు టమాటా మార్కెట్టులోను ప్లాస్టిక్ పెట్టెలే. 2017లో అటవీ చట్టమును సవరించి, అడవి వెలుపలి వెదురును చెట్ల లెక్క నుండి తీసివేసిరి. వెదురు నరుకుట సులువైనది గాని, బుట్ట కొనువారు రాలేదు.

ఇందులో మా తప్పును కలదు. క్రిందటి ఏడు మా సంఘము కండెలకు ప్లాస్టిక్ తొట్లు కొన్నది. చౌకయని మేమే సంతకము చేసితిమి. తడి కండెల నీరు అడుగున నిలిచి, పేక ముక్కవాసన కొట్టినది. ఏండ్ల తరబడి మాకు బుట్టలిచ్చుచుండిన మేదరి ముసలాయన ఒకనాడు వచ్చెను. కోపపడలేదు. "మిల్లు గుడ్డ అగ్గువని ఊరోళ్లు కొన్నపుడు మీరేమంటిరి సామీ?" అని మాత్రము అడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి.

రాబోవు సర్వసభ్య సమావేశమున 40 కండెల బుట్టల కొనుగోలును చర్చకు పెట్టుచున్నాము. ఆయన చెప్పిన ధర తొట్టి ధర కంటె ఎక్కువే. సభ్యులు ఆలోచించుకొని రావలెను.