ఛాయాచిత్ర మెవరి సొత్తు?

పూర్వము మన తెలుగు పుస్తకముల ముఖపత్రముపై “సర్వస్వామ్యములు గ్రంథకర్తవి” అని యచ్చువేయుట యాచారముగ నుండెను. పుస్తకమును రూకలిచ్చి కొన్నవారు దానిని చదువుకొనవచ్చును, చుట్టములకు చదువ నీయవచ్చును, పాతబడిన పిమ్మట నమ్ముకొనవచ్చును. కాని దానిని మరల నచ్చొత్తించి విక్రయించు హక్కు మాత్రము వారికి లేదు. పుస్తకముల విషయమున నీ సంగతి మన సోదరీమణులలో ననేకు లెఱుగుదురు. ఛాయాచిత్రముల విషయమునను నిట్టి న్యాయమే కలదని యెఱిగినవారు మాత్రము స్వల్పము. ఏలయన ఛాయాచిత్రము క్షణములో పుట్టును, క్షణములో చేతులు మారును. అంత సులభముగ లభించుదానికి యజమాని యుండునని తోచకపోవుట సహజమే.

అయినను నేడీ విషయమును తెలిసికొనవలసిన యక్కఱ గృహిణులకే మిక్కిలిగ నున్నది. సిరిసిల్ల మగ్గములపై నేసిన చీరలను, కోరుట్లలో నింట వండిన సకినాలను, జగిత్యాల తోటల మామిడిపండ్లను ఫోనుద్వారా నమ్ముకొను స్త్రీలు మన ప్రాంతమున బయలుదేరినారు. సరకు కొనువారు ముందు బొమ్మను చూతురు, పిదప ధర నడుగుదురు. కావున బొమ్మ కావలెను. అంతర్జాలములో వెదకినంతనే సకినాల బొమ్మలు, చీరల బొమ్మలు రాశులుగ కనబడును. కనబడినది గదాయని యొక దానిని దించి తమ సరకుక్రింద పెట్టుకొన్నవారికి, కొన్నాళ్లకు చిత్రముయొక్క యజమాని యొద్దనుండి సొమ్ము చెల్లింపుమను తాఖీదు రావచ్చును. ఇది యొక ప్రమాదము. రెండవది దీనికి ప్రతిగ నున్నది: తా మెంతో శ్రమపడి తీసిన చీర బొమ్మను మఱియొకరు దొంగిలించి, దాని చాటున నాసిరకపు చీర నమ్మవచ్చును. మొదటిదానిలో చెల్లింపవలసినవారము మనము. రెండవదానిలో పోగొట్టుకొనువారమును మనమే. కావున చట్టమును రెండువైపులనుండియు నెఱుగుట మేలు.

మన దేశమున దీనికి మూలము 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము. అది 1958 జనవరిలో నమలులోనికి వచ్చెను. ఆ చట్టము ప్రకారము ఛాయాచిత్రమును తీసినవారే దానికి కర్తలు. హక్కు పుట్టుటకు దరఖాస్తుగాని, ముద్రగాని, రుసుముగాని యక్కఱలేదు; చిత్రము తీయబడిన క్షణముననే హక్కు పుట్టును. రిజిస్టరు చేయించుకొనుట సాక్ష్యమునకు సాయమేగాని నిర్బంధము కాదు. కావున సిరిసిల్లలో నొక నేతగాని భార్య తన ఫోనుతో తీసిన చీర బొమ్మకును, పట్టణములోని పేరుగాంచిన చిత్రకారుడు తీసిన బొమ్మకును చట్టము చూపు గౌరవ మొక్కటియే.

అయితే పెండ్లిలో మనము సొమ్మిచ్చి తీయించుకొన్న చిత్రముల మాట యేమి? ఇచ్చట మన ప్రాచీన సంప్రదాయ మొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. కావ్యము రచించినవాడు కృతికర్త. దానిని బహుమానపూర్వకముగ నందుకొన్న రాజు కృతిభర్త. రాజెన్ని యగ్రహారము లిచ్చినను కృతిభర్త యయ్యెనేగాని కృతికర్త కాలేదు. నేటి చట్టమును నించుమించుగ నీ విధముననే చెప్పుచున్నది. ఒకరి కోరికపై, ప్రతిఫలము పుచ్చుకొని తీసిన ఛాయాచిత్రమునకు, వేఱు ఒడంబడిక లేనిచో, తీయించుకొన్నవారే మొదటి యజమానులు. కావున మీ కుమార్తె పెండ్లి బొమ్మను మీ యనుమతి లేక స్టూడియోవారు తమ ప్రకటన పలకపై వేసికొనుటకు హక్కు లేదు. అట్లని తీసినవాడు తుడిచిపెట్టుకొనిపోలేదు. ఇది తన కృతియని చెప్పుకొనుటకును, దానిని వికృతపఱచి తన కీర్తికి భంగము కలిగించినచో నడ్డుటకును చట్టములోని 57వ సెక్షను కర్తకు ప్రత్యేకాధికారము నిచ్చినది. హక్కును విక్రయించిన పిమ్మటను ఈ యధికారము పోదు. నెగటివుగాని ఫైలుగాని యెవరి పెట్టెలో నున్నదను ప్రశ్న వేఱు, హక్కెవరిదను ప్రశ్న వేఱు. కావున స్టూడియోవారికి బయానా నిచ్చునాడే యీ రెండు సంగతులను కాగితముపై వ్రాయించుకొనుట మంచిది.

ఈ హక్కు శాశ్వతమా? కాదు. మొదట ఛాయాచిత్రములకు ప్రచురణనుండి లెక్కించి గడువు పెట్టిరి. 2012వ సంవత్సరపు సవరణతో నీ భేదము తొలగి, ఇతర కళాకృతులవలెనే కర్తయొక్క జీవితకాలమును, ఆ పైన 60 సంవత్సరములును గడువైనది. మన తెలంగాణ పల్లెలను, బతుకమ్మలాడు స్త్రీలను చిత్రించిన వరంగల్లు ఛాయాచిత్రకారుడు భరత్ భూషణ్ 2022లో పరమపదించెను. ఆయన స్వంతముగ తీసిన చిత్రములపై హక్కు 2082వ సంవత్సరాంతము వఱకు నుండును. బతుకమ్మ మన యందఱి పండుగయే. పూలు మనవే, పాట మనదే. కాని యాయన కన్ను చూచిన యా చిత్రము మాత్రము అందఱి సొత్తు కాదు. ఇక ఆఱవ నిజాము కొలువులో చిత్రకారుడైన రాజా దీనదయాళు 1905లోనే గతించెను గావున, ఆయన కాలపు చిత్రములపై గడు వెన్నడో తీరిపోయినది.

దీనదయాళుని ప్రస్తావన వచ్చినది గనుక స్త్రీలకు ముఖ్యమైన మాట యొకటి చెప్పెదను. ఆయన 1892లో హైదరాబాదున ఘోషా స్త్రీలకై ప్రత్యేకముగ నొక చిత్రశాలను నెలకొల్పి, దానినొక యాంగ్లవనిత యాజమాన్యమున నుంచెను. తన రూపము పరపురుషుల చేత బడరాదను స్త్రీల కోరికను నాడే యొక వ్యాపారి మన్నించెను. నేడు బతుకమ్మనాడు చెఱువుగట్టున నిలిచిన మన యాడుపిల్లల బొమ్మలను, ఎవరో తీసి, ఏదో సరకు ప్రకటనకు వాడుకొనుట చూచినపుడు, ఆ మన్నన యేమైనదని యడుగబుద్ధియగును. చిత్రముపై హక్కు వేఱు, చిత్రములోని మనిషి యొక్క మర్యాద వేఱు. వ్యక్తిగత గోప్యత ప్రాథమికహక్కని 2017లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పియున్నది. అందువలననే పెద్ద చిత్రవ్యాపారులు, ప్రకటనలకై యమ్ము చిత్రములకు, అందులోని వ్యక్తుల సమ్మతిపత్రమును ముందుగనే పుచ్చుకొందురు.

స్త్రీల పని పేరులేక పోవుటయు క్రొత్త కాదు. మన దేశపు తొలి మహిళా పత్రికాఛాయాచిత్రకారిణి హోమాయి వ్యారావాలా తీసిన తొలినాటి చిత్రములు భర్తపేర ప్రచురింపబడెను. తరువాత నామె స్వనామముతో నిలిచి, 2011లో పద్మవిభూషణ బిరుదమును పొంది, 2012లో గతించెను. ఉషాకన్యకై పటము వ్రాసిన చిత్రలేఖ పేరు నేటికిని మఱవబడలేదు. చిత్రమునకు కర్తపేరు తోడుండుట చట్టముకంటెను ప్రాచీనమైన ధర్మము.

ఇక నెరవు చిత్రముల మాట. అనేక విషయములపై ముందుగనే చిత్రములు తీసి నిలువచేసి, కోరినవారికి రుసుముపై వాడుకొన ననుమతించు వ్యాపారసంస్థలు కలవు. ఇచ్చట మనము కొనునది చిత్రమును కాదు, అనుమతిని. ఇల్లు అద్దెకు పుచ్చుకొన్నవారు దాని నమ్మజాలనట్లే, ఆ యనుమతిలో వ్రాసిన హద్దును దాటరాదు. వార్తలకు మాత్రమే యని యిచ్చిన దానిని ప్రకటనకు వాడరాదు. “రాయల్టీ ఫ్రీ” యను మాటను జూచి యుచితమని భ్రమపడువారు చాలమంది కలరు. దాని యర్థము, ఒక్కసారి రుసుము చెల్లించిన పిమ్మట, వాడిన ప్రతిసారియు మరల చెల్లింప నక్కఱలేదని మాత్రమే.

నిజముగ నుచితమైనవియు కలవు. 2001లో నమెరికాలో స్థాపింపబడిన క్రియేటివ్ కామన్స్ సంస్థ కర్తలు తామే ముందుగ ననుమతి నిచ్చుటకు తగిన పత్రములను సిద్ధపఱచినది. కర్తపేరు చెప్పినచో చాలునని కొన్నింట నుండును, వ్యాపారమునకు వాడరాదని కొన్నింట, మార్చరాదని కొన్నింట. 2004లో మొదలైన వికీమీడియా కామన్స్ అను చిత్రభాండారమున నిట్టి వనేకములు దొరకును. బొమ్మక్రిందనున్న యా రెండు పంక్తులను చదువుటకు పట్టునది పప్పు పొంగు నంతకాలము కూడ కాదు.

దానము చేయుటలోను జాగ్రత్త యవసరము. కరోల్ హైస్మిత్ అను నమెరికా ఛాయాచిత్రకారిణి తన వేలకొలది చిత్రములను ప్రజలు స్వేచ్ఛగ వాడుకొనుటకై ఆ దేశపు కాంగ్రెసు గ్రంథాలయమున కిచ్చెను. పిమ్మట తాను తీసిన చిత్రమునే తన సంస్థ పుటలో నుంచుకొన్నందుకు 120 డాలర్లు చెల్లింపుమని యొక చిత్రవ్యాపారి పక్షమున నామెకే తాఖీదు వచ్చెను! ఆమె 2016లో న్యాయస్థానమున కెక్కినను కాపీరైటు వాదములు నిలువలేదు. చెఱువు త్రవ్వించి యూరి కిచ్చినవారు, అందులోని నీటి నింకొకరు కుండలతో నమ్ముకొనుచున్నను చూచుచుండవలసి వచ్చినట్లైనది. కావున ఇచ్చునపుడే యే షరతుపై నిచ్చుచున్నామో యెఱిగి యీవలెను.

తఱచుగ వినబడు మాటలు కొన్ని కలవు. “పేరు వేసితిమి గదా” యందురు. కర్తపేరు చెప్పుట మర్యాదయేగాని, అనుమతి కాదు. “మూలనున్న పేరును కత్తిరించితిమి” అని కొందఱు గర్వముగ చెప్పుకొందురు. హక్కుదారుని గుర్తును బుద్ధిపూర్వకముగ తొలగించుట 2012 సవరణ తరువాత వేఱుగ నొక నేరము, దానికి రెండేండ్లవఱకు చెఱసాల కలదు. తెలిసి హక్కును భంగపఱచినవారికి ఆఱు నెలలనుండి మూడేండ్లవఱకు శిక్షయు, 50,000 మొదలు 2,00,000 రూపాయలవఱకు జరిమానాయు చట్టము విధించినది. వ్యాపారలాభమునకై చేయనిచో న్యాయస్థానము తగ్గింపవచ్చును.

మినహాయింపులును కలవు. స్వంత యధ్యయనమునకు, విమర్శకు, వర్తమాన వార్తలకు న్యాయమైనంతమేర వాడుకొనవచ్చును. బడిలో గురువుగాని శిష్యుడుగాని బోధనకై ప్రతిచేసికొనుట దోషము కాదు. కావున మా యింటివారు పాఠము చెప్పుచు నొక మామిడిపండు చిత్రమును పిల్లలకు పంచిపెట్టుట చట్టసమ్మతము. ఆ చిత్రమునే నేను మామిడితాండ్ర పొట్లముపై నంటించి యమ్ముట చట్టసమ్మతము కాదు. జగిత్యాల కోటను, వేములవాడ గోపురమును ఎవరైనను ఫొటో తీసి ప్రచురింపవచ్చును. కాని మఱియొకరు తీసిన ఫొటోను తీసికొనరాదు.

తాఖీదే వచ్చినచో భయపడి, అడిగిన సొమ్మును వెంటనే పంపవలదు. ముందా చిత్రమును తీసివేయుడు. పంపినవారు నిజముగ హక్కుదారులేనా, ఏ యాధారముతో నడుగుచున్నారో వ్రాతమూలకముగ తెలిసికొనుడు. వ్యాజ్యము వఱకు వచ్చినచో, 1987 నాటి న్యాయసేవాధికార చట్టము ప్రకారము స్త్రీలకు, ఆదాయముతో నిమిత్తము లేక, ఉచిత న్యాయసహాయము కలదు. జిల్లాన్యాయస్థానమునందలి న్యాయసేవాధికార సంస్థ నడుగవచ్చును. మీ చిత్రమునే యితరులు కోరినచో, హక్కును వ్రాతపూర్వకముగనే యిండు. కాల మెంతయో వ్రాయుడు. హక్కును బదలాయించు పత్రమున కాలము వ్రాయనిచో చట్ట మైదేండ్లుగను, ప్రదేశము వ్రాయనిచో భారతదేశ మంతయుగను భావించును.

అన్నిటికంటె నుత్తమమైన యుపాయము మన చేతిలోనే యున్నది. మీ సకినాలను మీరే యొక వెదురుచాటలో నుంచి, ఉదయపు టెండలో వాకిట బెట్టి ఫొటో తీయుడు. పరుల బొమ్మ యెంత సొగసైనను అందులోని సకినము మీరు చుట్టినది కాదు. దానిని జూచి కొన్నవారు తుదకు మీ చేతి వంటనే గదా తినవలసినది! మన చేతిపనికి మన బొమ్మయే సాక్షిగ నుండుట సత్యము, క్షేమము, లాభకరము కూడను.